ఒక మార్కు ప్రశ్న వెంట కేరళ తీరానికి

మే 19, కోజికోడ్

విజయవాడలో రైలెక్కి, పాలక్కాడ్‌లో దిగి, అక్కడ ఇంకో బండి పట్టుకుని కోజికోడ్ చేరేసరికి పొద్దు వాలింది. మన పాత పాఠ్యపుస్తకాల్లో కాలికట్ అని ఉండే ఊరు ఇదే.

ముప్పై ఒక్క ఏళ్ళు హైస్కూల్లో సోషల్ చెప్పాను. ఏటా ఒక మార్కు ప్రశ్న ఒకటి వచ్చేది. భారతదేశానికి సముద్రమార్గం కనుగొన్నది ఎవరు? వాస్కోడగామా, 1498. పిల్లలు రాసేవాళ్ళు, నేను టిక్కు కొట్టేవాణ్ణి. రిటైరయ్యాక ఆ ఓడల్లో వచ్చినవాళ్ళలో ఒకరు రాసుకున్న రోజువారీ చిట్టాకి ఇంగ్లీషు అనువాదం దొరికితే చదివాను. చదువుతూ ఉంటే ఆ టిక్కులన్నీ గుర్తొచ్చాయి. ఆ జవాబులో గాలి లేదు. దారి చూపించినవాడు లేడు. చిగుళ్ళు వాచి తిండి మింగలేక చచ్చిపోయిన ఓడ కుర్రాళ్ళు లేరు. ఆ తీరాన్ని ఒక్కసారి చూడాలనిపించింది. చూస్తే ఆయన వచ్చిన నెలలోనే, మేలోనే చూడాలనిపించింది.

నాకు తోడొచ్చింది నా పాత శిష్యుడు. మా బందరు పక్కన గిలకలదిండి వాడు. టెన్త్‌తో చదువు ఆపేసి వేటకు పోయాడు, ఇప్పుడు సొంత బోటుంది. యాభై దగ్గర పడ్డా నాకు కుర్రాడే. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి వాడికి ఖాళీ. "చరిత్ర మీరు చెప్పండి మాస్టారూ, సముద్రం సంగతి నేను చూసుకుంటా" అని సంచి సర్దుకుని వచ్చేశాడు.

రాత్రి బీచికి వెళ్ళి సులైమానీ టీ తాగాం. వాడు టీ తాగుతున్నంతసేపూ నీళ్ళ మీద దీపాలు లెక్కపెడుతూ కూర్చున్నాడు. ఇక్కడింకా వేట నడుస్తోంది. కేరళలో ట్రాలర్ల నిషేధం జూన్ 9 అర్ధరాత్రి నుంచి.

మే 20, కప్పాడ్

పొద్దున్నే కన్నూరు రోడ్డు బస్సెక్కాం. ఎలత్తూరు దగ్గర కోరపుళ నది మీద వంతెన దాటి, తిరువంగూరులో దిగి, ఆటోలో కప్పాడ్ బీచికి. మొత్తం పదిహేను పదహారు కిలోమీటర్లు ఉంటుందేమో.

1498లో ఇదే తేదీన, మే 20న, మూడు పోర్చుగీసు ఓడలు ఈ ఎదురుగా లంగరు వేశాయి. లిస్బన్ దగ్గర రెస్టెలో రేవులో 1497 జూలై 8న బయలుదేరినప్పుడు నాలుగు. గామా ఎక్కినది సావ్ గాబ్రియేల్, ఆయన అన్న పావ్‌లో నడిపినది సావ్ రఫేల్, నికొలావ్ కొయెల్యో నడిపిన చిన్నది బెర్రియో. నాలుగోది సరుకుల ఓడ. ఆఫ్రికా కొన దాటాక దాన్ని విప్పేసి, సామాను మిగతా మూడింట్లోకి ఎక్కించుకున్నారు. మనుషులు మొత్తం సుమారు 170 మంది.

రోడ్డు పక్కన ఆ రాయి ఉంది. నడుమెత్తు దిమ్మె. వాస్కోడగామా 1498లో ఇక్కడ, కప్పకడవులో, దిగాడని ఇంగ్లీషులో చెక్కారు. జనం దాని పక్కన నిలబడి ఫొటోలు దిగి పోతున్నారు. నేనూ చెయ్యి వేసి చూశాను. ఎండకి కాలుతోంది.

మా వాడు రాయిని చూడలేదు. నేరుగా నీటి అంచుకి పోయాడు. అక్కడ సముద్రంలోకి చొచ్చుకుపోయిన నల్లటి బండలు, ఒక గుట్ట మీద చిన్న గుడి. కాసేపు అలలు విరిగే తీరు చూసి వెనక్కి తిరిగాడు.

"ఇక్కడ లంగరేంటి మాస్టారూ? అడుగున రాళ్ళు. నాలుగు రోజులుంటే తాడు కోసుకుపోతుంది."

నా ఒళ్ళు జలదరించింది. సంచిలోంచి జిరాక్సు కాగితాలు తీసి చదివి వినిపించాను. చిట్టాలో సరిగ్గా అదే ఉంది. ఇక్కడి రాజు, సామూతిరి, తన పైలట్‌ని పంపించాడు. మీరు ఆగినచోట అడుగు బాగాలేదు, రాళ్ళున్నాయి, ఉత్తరాన పందలాయనికి రండి, అక్కడ లంగరు నిలుస్తుంది అని. మే 27న ఓడలు అక్కడికి మారాయి. గామా నేల మీద కాలు పెట్టింది ఆ మర్నాడు, ఆ పందలాయని దగ్గర. అంటే ఆ రాతి మీద మాట పూర్తి నిజం కాదు. ఇక్కడ ఆయన దిగలేదు, ఇక్కడికి పల్లకిలో వచ్చాడు.

ఓడల్లోంచి మొదట దిగింది వేరే మనిషి, చిట్టాలో పేరు కూడా రాయని ఒక శిక్షపడ్డ ఖైదీ. తెలియని నేల మీద ముందుగా వదలడానికే అలాంటివాళ్ళని ఓడల్లో తెచ్చుకునేవాళ్ళు. పోతే వీడే పోతాడని. ఆ ఖైదీని ఊళ్ళోవాళ్ళు తీసుకెళ్ళి ఎవరి ముందు నిలబెట్టారు? ట్యునీసియా నుంచి వచ్చిన ఇద్దరు ముస్లింల ముందు. వాళ్ళకి స్పెయిన్ భాషా వచ్చు, జెనోవా భాషా వచ్చు. పాడుగాను, నువ్వెక్కడ దాపురించావిక్కడ అన్నట్టు అడిగారు వాళ్ళు. క్రైస్తవుల్నీ, మసాలా దినుసుల్నీ వెతుక్కుంటూ వచ్చామన్నాడు ఖైదీ. యూరప్ నుంచి పది నెలలు చావుబతుకుల మీద వచ్చి కొత్త లోకంలో అడుగుపెట్టాం అనుకున్నవాడికి, దిగీ దిగగానే తన పక్కింటి భాషలో పలకరింపు. సముద్రమార్గం కనుగొనడం అనే మాటని నేను క్లాసులో ఇంకెప్పుడూ అలా చెప్పలేనని నాకు ఇక్కడే అనిపించింది.

మధ్యాహ్నం కొయిలాండి వైపు వెళ్ళి పందలాయని తీరం చూశాం. చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు. నీళ్ళు మాత్రం కాస్త నెమ్మదిగా ఉన్నాయి, మా వాడు తల ఊపాడు.

తిరుగు బస్సు కోసం కూర్చున్నప్పుడు భోజనం సంగతి చదివాను. పల్లకిలో గామానీ, వెనక నడిచే పదమూడుమందినీ కప్పాడ్‌లో ఒక పెద్దమనిషి ఇంట ఆపారు. అన్నంలో బోలెడు నెయ్యి, ఉడికించిన మంచి చేప పెట్టారు. వెంట వచ్చినవాళ్ళు తిన్నారు, చాలా బాగుందని చిట్టా రాసినాయన రాసుకున్నాడు. గామా ముట్టలేదు. తర్వాత రెండు పడవలు జంటగా కట్టి, ఎలత్తూరు నది మీద తీసుకెళ్ళారు. పొద్దున మేం వంతెన మీద దాటిన నదే.

దారిలో ఒక గుడికి తీసుకెళ్తే అది చర్చి అనుకున్నారు. లోపల ఉన్న అమ్మవారు మేరీమాత అనుకుని దణ్ణం పెట్టుకున్నారు. గోడల మీద సాధువుల బొమ్మలకి నోట్లోంచి బయటికొచ్చిన కోరలూ, నాలుగైదు చేతులూ ఉన్నాయని కూడా రాసుకున్నాడాయన. చూసింది చూసినట్టే రాశాడు పాపం. మనసు మాత్రం ఇంటి దగ్గరే ఉంది.

మే 21, కోజికోడ్

సామూతిరి కోట ఉన్న చోటు ఇప్పుడు మానాంచిర. చెరువు మిగిలింది, చుట్టూ పార్కు. అక్కడ బెంచీ మీద కూర్చుని ఆ కానుకల పట్టిక చదివాను. చారల గుడ్డ పన్నెండు ముక్కలు, ఎర్రటి తలగుడ్డలు నాలుగు, టోపీలు ఆరు, పగడాల దండలు నాలుగు, చేతులు కడుక్కునే పళ్ళేలు ఆరు, ఒక పెట్టె పంచదార, రెండు పీపాల నూనె, రెండు పీపాల తేనె. రాజుగారి మనుషులు చూసి నవ్వారు. మక్కా నుంచి వచ్చే అతి బీద వర్తకుడు కూడా ఇంతకంటే ఎక్కువిస్తాడు, ఇస్తే బంగారం ఇవ్వండి అన్నారు.

ఆ నవ్వు దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. వెల్వెట్ పరుపు మీద కూర్చుని తాంబూలం నములుతూ, బంగారు తమ్మపడిగలో ఉమ్ముతూ ఉన్న రాజు. ఎదురుగా సముద్రపు ఉప్పుతో చర్మం పగిలిన మనుషులు, అరటిపండూ పనసతొనా మొదటిసారి తింటున్నవాళ్ళు. వాళ్ళ దగ్గర అమ్మడానికి ఈ ఊరికి కావలసినదేదీ లేదు. ఓడ కుర్రాళ్ళు చివరికి ఒంటి మీది చొక్కాలు అమ్ముకున్నారు. పోర్చుగల్‌లో మంచి ధర పలికే చొక్కాని ఇక్కడ పదోవంతుకి ఇచ్చేసి, ఆ డబ్బుతో గుప్పెడు లవంగాలు, కాస్త దాల్చినచెక్క కొనుక్కున్నారు, ఇంటికి చూపించడానికి. వాళ్ళ మీద నాకు కోపం రాదు.

సామూతిరి తాటాకు మీద గంటంతో ఉత్తరం రాయించి ఇచ్చాడు. నా దేశంలో దాల్చిన, లవంగం, అల్లం, మిరియం, రత్నాలు పుష్కలం, మీ నుంచి కావలసింది బంగారం, వెండి, పగడాలు, ఎర్ర బట్ట అని. వ్యాపారి మాట. అందులో శత్రుత్వం లేదు.

సాయంత్రం కుట్టిచిర వెళ్ళాం. చెరువు ఒడ్డున మిష్కాల్ మసీదు. పద్నాలుగో శతాబ్దంలో మిష్కాల్ అనే ఓడల వర్తకుడు కట్టించాడు, యెమెన్ వాడు. మీనార్లు లేవు. అంతస్తుల మీద అంతస్తులుగా చెక్కతో కట్టిన పెంకుటింటిలా, నీలిరంగు అద్దుకుని ఉంటుంది. 1510లో పోర్చుగీసు గవర్నర్ అల్బుకెర్కీ మనుషులు ఊరి మీద పడి దీన్ని తగలబెట్టారు. ఆ దాడిని ముందుండి నడిపిన వాళ్ళ సేనాని కుటీన్యో ఇక్కడే చచ్చాడు. అరవై ఏళ్ళ తర్వాత, 1571లో, సామూతిరి సేనలు చాలియంలో పోర్చుగీసు కోటని పడగొట్టి, అక్కడి కలప తెచ్చి ఈ మసీదుని బాగుచేయించాయి. హిందూ రాజు, ముస్లిం నావికులు, ఒక యెమెన్ వర్తకుడి మసీదు. ఈ ఊరి మిరియాల బేరం నడిచింది వీళ్ళందరి చేతుల మీదుగానే.

మే 22, బేపూర్

ఈ రోజు కోసమే వచ్చాడేమో మా వాడు. చాలియార్ నది సముద్రంలో కలిసేచోట ఊరు. అక్కడ ఉరు అనే పెద్ద చెక్క ఓడలు కడతారు. శతాబ్దాలుగా అరబ్బులకి కట్టిచ్చిన ఊరు, ఇప్పటికీ గల్ఫ్ నుంచి ఆర్డర్లు వస్తాయి.

షెడ్డులో ఒక ఉరు సగం లేచి ఉంది. రెండంతస్తుల ఇల్లంత ఎత్తు. కింద నిలబడితే ఎండిన తిమింగలం పక్కటెముకల మధ్య నిలబడ్డట్టుంది. టేకు వాసన, రంపపు పొట్టు, ఎక్కడో నూనె వాసన. మా వాడు చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళాడు. పలక మీద అరచెయ్యి పెట్టి, ఓడ అడుగు దూలం దగ్గరి నుంచి వంపు వెంట మెల్లగా నడిచాడు. రెండు పలకలు కలిసేచోట గోరు దూర్చి చూశాడు, దూరలేదు. సందులో దూది తాడు చొప్పించి, సుత్తితో దిగగొట్టుకుంటూ పోతున్నాడొక ముసలాయన. నాలుగు దెబ్బలు, ఒక జరుగు. నాలుగు దెబ్బలు, ఒక జరుగు.

ప్లాను ఎక్కడుందని అడిగితే మేస్త్రీ తన తల మీద వేలుతో తట్టి చూపించాడు. కాగితం లేదు. కొలతలన్నీ అక్కడే.

పాత రోజుల్లో ఈ సముద్రంలో తిరిగే ఓడలకి ఇనుప మేకులు కొట్టేవాళ్ళు కాదు, పలకలకి బెజ్జాలు పెట్టి కొబ్బరి పీచు తాడుతో కుట్టేవాళ్ళు. వలకి కుట్టు వేసినట్టే. గామా ఓడలు మేకుల ఓడలు, పక్కల్లో ఫిరంగులు. ఫిరంగి పేలితే వచ్చే కుదుపుకి తట్టుకోవడంలో తేడా ఉంటుందా అని అడిగాను. మా వాడు తాడు ముడి చూస్తూ, "వీళ్ళు కట్టింది సరుకు మొయ్యడానికి కదా మాస్టారూ" అన్నాడు.

మేస్త్రీ అన్న మాట కూడా పోర్చుగీసే, మెస్త్రె నుంచి. మనం ఇంట్లో వాడే అలమరా, తువాలు, బొత్తాం, వేలం, ఇస్త్రీ ఇవన్నీ ఆ ఓడల మీద దిగినవే అంటారు భాషావాళ్ళు.

నది గట్టు మీద కూర్చున్నప్పుడు వాడు గాలి సంగతి చెప్పాడు. నేను క్లాసులో రుతుపవనాల పాఠం ఎన్నిసార్లు చెప్పానో, కానీ వాడు చెప్పినప్పుడే అర్థమైంది. ఆఫ్రికా తీరం నుంచి ఇక్కడికి నైరుతి గాలి తోసుకొస్తుంది. జూన్, జూలైలో అదే గాలి ముదిరితే ఈ రేవులన్నీ మూసుకోవాల్సిందే. అందుకని గాలి మొదలయ్యాక, ముదరకముందు వచ్చెయ్యాలి. గామా తూర్పు ఆఫ్రికాలోని మలింది రేవు నుంచి ఏప్రిల్ 24న బయలుదేరాడు. మలింది రాజు ఇచ్చిన పైలట్ చుక్కాని దగ్గర ఉన్నాడు. ఆ పైలట్ గుజరాతీ అని పోర్చుగీసు చరిత్రకారులే రాశారు. 23 రోజులు నేల కనిపించలేదు. మే 18న కన్నూరుకి ఉత్తరాన ఎళిమల కొండ కనిపించింది.

"మే నెలాఖరంటే ఆఖరి బస్సు పట్టుకున్నట్టే. ఆ పైలట్ రోజులు లెక్కపెట్టి తెచ్చాడు" అన్నాడు మా వాడు.

మే 23, కన్నూరు

సెయింట్ ఏంజెలో కోట. 1505లో పోర్చుగీసు మొదటి వైస్రాయ్ అల్మైదా మొదలుపెట్టించాడు. ఎర్రటి లాటరైట్ రాయి, మూడువైపులా సముద్రం. గోడ మీద నిలబడితే పక్కనే మాప్పిళ బే, నిండా రంగురంగుల బోట్లు. తర్వాత డచ్చివాళ్ళు, అరక్కల్ రాజవంశం, ఇంగ్లీషువాళ్ళు వరసగా చేతులు మార్చుకున్నారు. ఎళిమల మీద ఇప్పుడు నావికాదళ అకాడమీ ఉంది, లోపలికి వెళ్ళలేదు.

ఈ రోజు రాయాల్సింది ఒకటే. 1502లో గామా రెండోసారి వచ్చాడు. ఈసారి చారల గుడ్డలూ టోపీలూ కాదు, పెద్ద యుద్ధనౌకల దండు. సెప్టెంబరు చివర ఈ సముద్రం మీదే కాపుకాసి, మక్కా నుంచి తిరిగొస్తున్న మీరీ అనే ఓడని పట్టుకున్నాడు. అందులో కాలికట్ వర్తకులు, యాత్రికులు, ఆడవాళ్ళు, పిల్లలు వందలమంది. సరుకంతా దించుకుని, మనుషుల్ని లోపలే ఉంచి నిప్పుపెట్టించాడు. గామా దండులో ఉన్న తోమే లోపిష్ అనే ఆయన దీన్ని కళ్ళారా చూసి రాశాడు. ఆడవాళ్ళు తమ బంగారం చూపించారు, చంటిబిడ్డల్ని ఎత్తి చూపించారు, కనికరించమని. బిడ్డల్ని ఎత్తి పట్టుకున్న ఆ చేతులు ఆ రాసినాయన బతికున్నంతకాలం మర్చిపోలేదనిపిస్తుంది చదివితే.

నేను చదవడం ఆపేశాను. కోటగోడ మీద పిల్లలెవరో పరుగెడుతున్నారు, వాళ్ళమ్మ అంచు దగ్గరికి పోవద్దని అరుస్తోంది. మా వాడు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "సముద్రం మీద ఆపదలో ఉన్న ఓడ కనిపిస్తే ఎవడిదైనా వెళ్ళాలి మాస్టారూ, అది అందరికీ తెలుసు" అన్నాడు. గొంతు మారిపోయింది వాడికి.

మిరియాల వ్యాపారం వందల ఏళ్ళుగా నడిచిన సముద్రం ఇది. అరబ్బులు, గుజరాతీలు, యూదులు, చైనావాళ్ళు, ఎవరి ఓడ వాళ్ళు తెచ్చుకుని, సుంకం కట్టి, గాలి మారేదాకా ఆగి వెళ్ళేవాళ్ళు. దొంగలు అప్పుడూ ఉన్నారు. కానీ సముద్రం మొత్తం నాది, నా చీటీ లేకుండా ఓడ కదలకూడదు అన్నవాళ్ళు లేరు. కర్తాజ్ అనే ఆ చీటీని పోర్చుగీసువాళ్ళే తెచ్చారు. వాళ్ళు కొత్తగా తెచ్చింది దారిని కాదని, ఈ చీటీని అని నాకు గట్టిగా అనిపిస్తుంది.

మే 24, రైల్లో

కన్నూరు నుంచి ఎర్నాకుళం. దారంతా వాన. ఇది ముందు జల్లులే, అసలుది జూన్ 1 ప్రాంతంలో అన్నారు పక్క సీటాయన.

కిటికీ అద్దం మీద నీళ్ళు కారుతుంటే వాళ్ళ తిరుగు ప్రయాణం చదివాం. 1498 ఆగస్టు 29న కాలికట్ వదిలారు. కార్వార్ దగ్గరి అంజదీవ్ దీవిలో ఓడలు బాగుచేసుకుని అక్టోబరు 5న పడమటికి తిరిగారు. గాలి లేదు, ఉన్నా ఎదురుగాలి. వచ్చేటప్పుడు 23 రోజులు పట్టిన సముద్రం దాటడానికి మూడు నెలలు పట్టింది. 1499 జనవరి 2న గానీ ఆఫ్రికా తీరం కనబడలేదు. చిగుళ్ళు ఉబ్బి పళ్ళని కప్పేశాయి, కాళ్ళు వాచాయి. ఆ మూడు నెలల్లోనే ముప్పై మంది పోయారు. అంతకుముందే ఇంకో ముప్పై మంది పోయారు. ఒక్కో ఓడ నడపడానికి ఏడెనిమిదిమంది మిగిలారు. మలిందిలో రోగుల కోసం నారింజపళ్ళు తెప్పించారు. కొందరికి అప్పటికే ఆలస్యమైపోయింది.

మా వాడు వేళ్ళ మీద లెక్కేశాడు. "అక్టోబరు. గాలి అటూ కాదు, ఇటూ కాదు. ఈశాన్యం పడేదాకా ఆగాల్సింది మాస్టారూ. ఊళ్ళో ఎవడినడిగినా చెప్పేవాడు."

అడిగే పరిస్థితి ఉంచుకోలేదు. సుంకం గొడవలో ఒకరి మనుషుల్ని ఒకరు పట్టుకుని, చివరికి ఫిరంగులు పేల్చి, కొందరు ఊరివాళ్ళని ఎత్తుకుని వెళ్ళారు. తిరుగుదారి చెప్పే పైలట్ లేడు.

నడిపేవాళ్ళు చాలక సావ్ రఫేల్‌ని మొంబాసా దగ్గర వాళ్ళే తగలబెట్టుకున్నారు. పావ్‌లో డగామా ఇల్లు చేరకుండానే అజోర్స్ దీవుల్లో చనిపోయాడు. 170 మందిలో లిస్బన్ చూసింది 55 మంది దాకా.

మే 25, ఫోర్ట్ కొచ్చి

సెయింట్ ఫ్రాన్సిస్ చర్చి. 1503లో చెక్కతో కట్టి, తర్వాత రాతితో కట్టారు. పోర్చుగీసువాళ్ళ తర్వాత డచ్చివాళ్ళది, ఆపైన ఇంగ్లీషువాళ్ళది, ఇప్పుడు సీఎస్ఐది. పైన తాడుతో లాగే గుడ్డ పంకాలు ఇంకా వేలాడుతున్నాయి. గోడలకి డచ్చి సమాధిరాళ్ళు ఆనించి ఉన్నాయి. బందరుకోట దగ్గర డచ్చి సమాధుల మధ్య ఆడుకుంటూ పెరిగినవాణ్ణి, ఆ డాలు గుర్తులూ పుర్రె బొమ్మలూ చూస్తే ఊరు గుర్తొచ్చింది.

గామా మూడోసారి 1524లో వైస్రాయ్‌గా వచ్చి, ఆ డిసెంబరు 24న ఈ ఊళ్ళోనే చనిపోయాడు. నేలలో ఒక రాయి, చుట్టూ చిన్న కంచె. లోపల ఏమీ లేదు. కొన్నేళ్ళకి ఎముకలు పోర్చుగల్ తీసుకెళ్ళిపోయారు. రాయి మీద అక్షరాలు అరిగిపోయాయి. నేను కన్నూరులో అనుకున్నవేవీ ఇక్కడ నోట రాలేదు. మా వాడు టోపీ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఎవరికోసంరా అంటే, "ఆయనకి కాదు, ఓడలో పోయినవాళ్ళకి" అన్నాడు.

మధ్యాహ్నం మట్టాంచేరి. యూదుల వీధిలో మసాలా కొట్లు. ఒక ముసలాయన గోనెసంచిలోంచి మిరియాలు దోసిట్లో పోశాడు. ఒకటి పంటి కింద వేసుకున్నాను. ముందు వాసన, తర్వాత ఒక్కసారిగా నాలుక వెనక నుంచి ఘాటు. గింజ మీది ముడతలు వేలికి తగులుతున్నాయి. దీనికోసమా అనిపించింది, నిజంగా దీనికోసమే. మనకి ఎర్రమిరప వచ్చింది కూడా ఆ ఓడల మీదే, అమెరికా నుంచి. అంతకుముందు మన తెలుగు వంటలో కారం అంటే మిరియం. కొత్తకాయకి పేరు కూడా దీన్నుంచే పుట్టింది. మా ఆవిడకి పావుకిలో కట్టించాను.

సాయంత్రం చీనవలల దగ్గర కూర్చున్నాం. వలలెత్తే బరువు రాళ్ళు తాళ్ళకి వేలాడుతున్నాయి. గాలి దక్షిణం నుంచి తిరిగి నైరుతికి వచ్చిందన్నాడు మా వాడు, నాకు తేడా తెలియలేదు. రేవు నోటి దగ్గర బోట్లు ఒక్కొక్కటీ లోపలికి వస్తున్నాయి. వాడు పెదాలు కదుపుతూ లెక్కపెడుతున్నాడు.

"పొద్దున ఎన్ని వెళ్ళాయో నీకు తెలియదు కదరా" అన్నాను.

"తెలియదు మాస్టారూ" అన్నాడు, కళ్ళు తిప్పకుండా. "పదిహేడు. అదిగో, వెనక ఇంకోటి."